వాయేజర్ ఏలియన్లకి దొరికింది, రెండో భాగం ముందుకి సాగట్లేదు. సలహా కావాలి

ప్రశ్న:
నా నవల మొదటి భాగం నాసా వ్యోమనౌక వాయేజర్ 1 ఏలియన్ల కంట పడటంతో ఆపాను. రెండో భాగం ఎనిమిదో అధ్యాయం దగ్గర బండి ఆగిపోయింది. 1977 సెప్టెంబర్ 5న బయల్దేరిన వాయేజర్ సెకనుకి 17 కిలోమీటర్లు పోతున్నా, గ్లీజ్ 445 అనే నక్షత్రం దరిదాపులకి చేరాలంటే 40 వేల ఏళ్ళు పడుతుంది, ఆ దరిదాపులు కూడా 1.6 కాంతి సంవత్సరాల దూరం. అప్పటికి నా హీరోయిన్ ఉండదు, కాబట్టి వాళ్ళే ఇటు రావాలి. ఎందుకు వస్తారు? ఇంకోటి, ఏలియన్లకి దొరికితే వినడానికని వాయేజర్‌లో పెట్టిన గోల్డెన్ రికార్డులో 55 భాషల పలకరింపుల్లో తెలుగు కూడా ఉంది కదా, నా ఏలియన్ తెలుగు మాట్లాడాలని నాకు చాలా ఆశ. 2023 నవంబర్‌లో వాయేజర్ అర్థంపర్థం లేని డేటా పంపింది, దాన్ని ఏలియన్లే బాగుచేశారని రాస్తే ఎలా ఉంటుంది?

జవాబు 1:
అలా మాత్రం రాయకండి, ప్లీజ్. ఆ ఐదు నెలలూ నేను పొద్దున లేవగానే ఆ వార్త కోసమే వెతికేవాణ్ణి. చెడింది ఒక మెమరీ చిప్. అందులోని కోడ్ మొత్తం పట్టేంత చోటు ఇంకెక్కడా లేక, ఇంజనీర్లు దాన్ని ముక్కలు చేసి తలో మూలా సర్ది, 2024 ఏప్రిల్ 18న పంపారు. వెళ్ళడానికి 22 గంటలన్నర, జవాబు రావడానికి మళ్ళీ అంతే. 20న వాయేజర్ సరిగ్గా పలికింది. మీ అధ్యాయం ఆ 45 గంటలే. ఏలియన్ పక్కనే ఉండాలి, చెయ్యి పెట్టకూడదు. ఎందుకు పెట్టలేదో రాస్తే దాని స్వభావం అక్కడే తెలుస్తుంది.

జవాబు 2:
తెలుగు పలకరింపు కొన్ని సెకన్లే. నమస్తే, తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు, అంతే. అర్థం చెప్పేవాళ్ళెవరూ అందులో లేరు, దానితో భాష రాదు. మా పాప ఏడాదిన్నరప్పుడు బొమ్మ ఫోన్ చెవికి పెట్టుకుని "ఆఁ చెప్పండి" అనేది, మా నాన్నగారి గొంతు, ఆ చిన్న దగ్గుతో సహా దించేసేది. మీ ఏలియన్ కూడా అంతే, ఆ ఒక్క వాక్యాన్నే ఆ గొంతుతో అనాలి. కోపమొచ్చినా అదే, భయమేసినా అదే.

జవాబు 3:
ఎందుకు వస్తారన్నదానికి జవాబు రికార్డు మూత మీదే ఉంది. దానిమీద యురేనియం 238 పూత వేశారు, సగం తరగడానికి సుమారు 450 కోట్ల ఏళ్ళు పడుతుంది, ఎంత తరిగిందో కొలిస్తే వస్తువు వయసు తెలుస్తుంది. మీ ఏలియన్లు కొలిస్తే తరుగు దాదాపు కనపడదు. అంటే ఇది కొత్తది, చేసినవాళ్ళు ఇంకా బతికే ఉండొచ్చు! పక్కనే 14 పల్సార్ల (గడియారంలా క్రమంగా రేడియో సంకేతాలిచ్చే నక్షత్రాలు) పటం మన సూర్యుడెక్కడో చెబుతుంది. ఇంక రాకుండా ఎలా ఉంటారు?

ప్రశ్న అడిగినవారు:
మూడో జవాబు చదివి లేచి నిలబడ్డాను, నిజంగా. ఎనిమిదో అధ్యాయం తీసేసి, ఆ యురేనియం పూతని ఏలియన్ తడిమి చూడటంతో మొదలుపెడుతున్నా. బాగుచేసే సీన్ కూడా పోయింది, ఆ పని ఇంజనీర్లదే. ఏలియన్ వెళ్ళిపోయేటప్పుడు హీరోయిన్ ఏడుస్తుంటే, దానికి వేరే మాట రాదు కాబట్టి నమస్తే అంటుంది. మొదటి పేజీ ఆదివారం ఇక్కడే పెడతాను.