«అవుంకె యువేవ»: పడితే పడనీ

అమెరికాలో హైస్కూలు పై తరగతులకు ఏపీ స్పానిష్ చెబుతుంటాను. (ఏపీ అంటే మన రాష్ట్రం కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి పాఠాలు. తరగతిలో తెలుగు పిల్లలుంటే ఈ హాస్యం ఏటా తప్పదు.) «అవుంకె యువేవె», «అవుంకె యువేవ» (అవుంకె అంటే "అయినా", రెండో మాట వాన పడడం గురించి) రెండింటికీ తేడా ఏమిటని ఇక్కడ ఒకరు అడిగారు. జవాబు పొడుగైంది కాబట్టి విడిగా రాస్తున్నాను.

చివరి అచ్చులోనే ఉంది తేడా. మొదటిది ఇండికేటివ్, సంగతిని చాటి చెప్పే క్రియారూపం. రెండోది సబ్‌జంక్టివ్, చాటకుండా ఊరికే తలచే రూపం. పాఠ్యపుస్తకం చెప్పేంత మేరకు తెలుగులో సులువుగానే తేలుతుంది: "వాన పడుతున్నా వెళ్తాను", "వాన పడినా వెళ్తాను". మొదటి వాక్యంలో వాన కురుస్తోంది. రెండో దాంట్లో పడవచ్చు, పడకపోవచ్చు.

చిక్కంతా ఆ తర్వాతే. తల్లి కిటికీలోంచి చూసి "వాన పడుతోంది" అంటుంది. కొడుకు బూట్లు తొడుక్కుంటూ «అవుంకె యువేవ, మె వోయ్» అంటాడు. వాన ఇద్దరి కళ్లెదుటే ఉంది, అనుమానానికి తావే లేదు, అయినా సబ్‌జంక్టివ్! ఇక్కడ "పడినా" అతకదు. "పడితే పడనీ, నేను వెళ్తున్నాను" అంటే సరిగ్గా కుదురుతుంది. వాన సంగతి తల్లి చెప్పేసింది. దాన్ని మళ్లీ వార్తగా చెప్పే పని కొడుక్కి లేదు, పక్కకు నెట్టేస్తే చాలు.

ఇక్కడి తరగతుల్లో సబ్‌జంక్టివ్‌కు «వియర్డో» అనే కొండగుర్తు నేర్పుతారు. కోరిక, ఉద్వేగం, సలహా, సందేహం వగైరాల ఇంగ్లిషు పేర్ల మొదటి అక్షరాలు కలిపిన మాట అది. చివరి అక్షరం మాత్రం స్పానిష్ మాట «ఒహలా»ది, అంటే "అలా జరిగితే బాగుండు". (అరబ్బీ నుంచి వచ్చిన మాట, లోపల అల్లా ఉన్నాడు.) మొదటి రెండేళ్లకు అది చాలు. పై తరగతికి వచ్చేసరికి పిల్లల బుర్రలో "సందేహం" ఒక్కటే మిగులుతుంది, అదే కొంప ముంచుతుంది. «అ లొ మెహోర్ వియేనె», అంటే బహుశా వస్తాడేమో. నిండా సందేహమే, కానీ ఇండికేటివ్. «సొన్యే కె వొలాబ», ఎగురుతున్నట్టు కల వచ్చింది. జరగని సంగతి, అదీ ఇండికేటివే. మరి «మె అలేగ్రొ దె కె ఆయాస్ వెనీదొ», నువ్వు వచ్చినందుకు సంతోషం? మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నాడు, క్రియ మాత్రం సబ్‌జంక్టివ్.

అందుకే నా తరగతిలో సందేహం ఊసెత్తను. «కె» (మన "అని" లాంటి మాట) తర్వాతి సంగతిని నువ్వు చాటి చెబుతున్నావా, ఊరికే ప్రస్తావిస్తున్నావా అని అడుగుతాను. తెలుగు పిల్లలకైతే మరో మాట జోడిస్తాను: "నువ్వు వచ్చావని తెలుసు", "నువ్వు రావడం సంతోషం". వచ్చావు అన్నప్పుడు చెప్పినట్టు, రావడం అన్నప్పుడు తలచినట్టు. స్పానిష్‌లో మొదటిదానికి ఇండికేటివ్, రెండోదానికి సబ్‌జంక్టివ్.

ఒక సభ్యురాలి వ్యాఖ్య: బాగుందండీ. కానీ "వస్తాడని అనుకోను" అన్నప్పుడూ "వస్తాడని" అనే అంటాం కదా. స్పానిష్‌లో అక్కడ «నొ క్రేయొ కె వెంగ» అని సబ్‌జంక్టివ్ వస్తుందే!

జవాబు: నిజమేనండీ, అక్కడ తెలుగు సాయం చేయదు. ప్రధాన క్రియను కాదనగానే స్పానిష్ లోపలి క్రియను మార్చేస్తుంది, మనం మార్చం. ఇంకోచోటా అంతే. తెలుగు వచ్చిన టీచరు కోసం వెతుకుతున్నానంటే ఆవిడ ఫలానా మనిషో, ఎవరైనా సరేనో మన వాక్యం చెప్పదు. స్పానిష్ చెప్పి తీరుతుంది: ఎవరైనా సరే అయితే «బుస్కొ ఉన ప్రొఫెసోర కె ఆబ్లె తెలుగు», ఫలానా ఆవిడే అయితే «బుస్కొ అ ఉన ప్రొఫెసోర కె ఆబ్ల తెలుగు». క్రియ చివరి అచ్చుతో పాటు మధ్యలో వచ్చిన ఆ చిన్న «అ» కూడా చూడండి. పిల్లలు అచ్చు సరిచేసి «అ» మరిచిపోతారు, నేను దానికీ మార్కు కోస్తాను.

మరొకరి ప్రశ్న: "మాట్లాడు" అనే క్రియకు భూతకాలంలో «ఆబ్లార», «ఆబ్లాసె» రెండూ కనిపిస్తున్నాయి. మా అబ్బాయి ఏది నేర్చుకోవాలి?

జవాబు: సబ్‌జంక్టివ్‌గా రెండూ ఒప్పే. రాయడానికీ మాట్లాడడానికీ «ఆబ్లార» చాలు, లాటిన్ అమెరికాలో వినిపించేది ఎక్కువగా అదే. «ఆబ్లాసె» చదివేటప్పుడు గుర్తుపడితే సరిపోతుంది.