ఏఐ ఏజెంట్ సరైన టూల్‌ను ఎంచుకోవాలంటే వివరణ ఎలా రాయాలి?

ప్రశ్న: మారతహళ్లి డెవలపర్

నమస్కారం. బెంగళూరులో సరుకు రవాణా సంస్థలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక చిన్న బృందంలో పనిచేస్తున్నాను. మా ఏపీఐలను (ఇతర ప్రోగ్రాములు మా సాఫ్ట్‌వేర్‌ను వాడుకునే మార్గాలను) ఎంసీపీ సర్వర్ ద్వారా ఏఐ ఏజెంట్‌కు టూల్స్‌గా అందుబాటులోకి తెచ్చాము. ఎంసీపీ అంటే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, ఏఐని బయటి టూల్స్‌తో కలిపే ప్రమాణం. ప్రతి టూల్‌కూ పేరు, ఇన్‌పుట్ స్కీమా (ఏ విలువలు, ఏ రకంలో ఇవ్వాలో చెప్పే నిర్వచనం) ఉన్నాయి. వివరణగా మాత్రం స్వాగర్‌లో (మా ఏపీఐల డాక్యుమెంటేషన్‌లో) ఉన్న ఒక్క వాక్యాన్నే తీసుకున్నాము. ఆర్డర్ నంబరు ఇచ్చి స్థితి అడిగినా ఏజెంట్ ఒక్కోసారి వెతికే టూల్‌ను పిలుస్తోంది, తేదీల్లో రోజును, నెలను తారుమారు చేస్తోంది. మనుషుల కోసం రాసే డాక్యుమెంటేషన్‌కూ ఏజెంట్ కోసం రాసేదానికీ తేడా ఎక్కడ ఉంది?

జవాబు: హెచ్ఎస్ఆర్ బ్యాకెండ్

కొత్తగా చేరిన ఇంజనీరుకు ఏదైనా అర్థం కాకపోతే పక్క సీటులోని వారిని అడుగుతారు, పాత కోడ్ తిరగేస్తారు. ఏజెంట్ ముందు సాధారణంగా ఉండేవి మీరిచ్చిన పేరు, వివరణ, స్కీమా మాత్రమే. కనుక బృందంలో అందరికీ తెలిసిందే కదా అని రాయకుండా వదిలేసిన సంగతులనే మొదట రాయాలి.

రెండు టూల్స్‌కూ “ఆర్డర్ వివరాలు ఇస్తుంది” అని రాసి ఉంటే ఏది పిలవాలో తేల్చుకునే ఆధారమే ఉండదు. ఇలా రాసి చూడండి: “ఆర్డర్ నంబరు కచ్చితంగా తెలిసినప్పుడే దీన్ని పిలవాలి. కస్టమర్ పేరో ఫోన్ నంబరో మాత్రమే తెలిస్తే ముందు వెతికే టూల్‌ను వాడి, అక్కడ వచ్చిన ఆర్డర్ నంబరును ఇక్కడ ఇవ్వాలి. ఫలితంలో చెల్లింపు వివరాలు ఉండవు.” ఎప్పుడు వాడకూడదో చెప్పే వాక్యం నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది.

ఇక తేదీల విషయం. 03/04/2025 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4. ఐఎస్ఓ 8601 పద్ధతిలో 2025-04-03 అని ఇవ్వాలని పారామీటర్ వివరణలోనే ఉదాహరణతో చెప్పండి, టైమ్ జోన్ కూడా రాయండి. డబ్బు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం: ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ రేజర్‌పే ఏపీఐలో 500 రూపాయలకు 50000 అని పైసల్లో ఇవ్వాలి, మీ టూల్ తీసుకునేది రూపాయలా పైసలా అన్నది స్కీమాలో ‘నంబర్’ అని రాసినంత మాత్రాన తెలియదు. ఆర్డర్ స్థితి లాంటి నిర్ణీత విలువలను జేసన్ స్కీమాలో ఈనమ్‌గా (అనుమతించిన విలువల జాబితాగా) ఇవ్వండి.

జవాబు: వైట్‌ఫీల్డ్ క్యూఏ

పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెబుతాను. టూల్స్ వివరణలన్నీ మోడల్ కాంటెక్స్ట్‌లో (మోడల్ ఒకసారికి చదవగలిగే పరిమిత పాఠంలో) చోటు తీసుకుంటాయి కాబట్టి ప్రతిదానికీ పేజీలకొద్దీ రాయడం మేలు చేయదు. రెండు టూల్స్ మధ్య తేడా చెప్పడానికి ఒక పేరా కావలసి వస్తోందంటే, ఆ రెండింటినీ కలపవచ్చేమో ముందు ఆలోచించాలి.

ఎర్రర్ సందేశాలను కూడా డాక్యుమెంటేషన్‌గానే చూడండి. పంపిన అభ్యర్థన తప్పని మాత్రమే చెప్పే ఉత్త “400 బ్యాడ్ రిక్వెస్ట్” వస్తే ఏజెంట్ అదే విలువను మళ్లీ పంపవచ్చు. “ఆర్డర్ నంబరులో 10 అంకెలు ఉండాలి, ఇందులో 9 ఉన్నాయి, నంబరు తెలియకపోతే వెతికే టూల్‌ను వాడండి” అని వస్తే తరువాతి అడుగు దానికి తెలుస్తుంది. ఎంసీపీలో ఇలాంటి వైఫల్యాన్ని ఎర్రర్ గుర్తుతో టూల్ ఫలితంలోనే పంపే ఏర్పాటు ఉంది. అలా పంపితే మోడల్ దాన్ని చదవగలుగుతుంది.

మారతహళ్లి డెవలపర్

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆర్డర్ రద్దు చేసే టూల్ కూడా ఉంది. “వాడుకరి అనుమతి లేకుండా పిలవకూడదు” అని వివరణలో రాస్తే సరిపోతుందా?

జవాబు: హెచ్ఎస్ఆర్ బ్యాకెండ్

సరిపోదండి. ఆ వాక్యం తప్పక రాయండి, రద్దు చేశాక వెనక్కి తీసుకోవడం సాధ్యమో కాదో కూడా చెప్పండి, కానీ రక్షణను దాని మీద వదిలేయకండి. 2025 మార్చి నాటి ఎంసీపీ వెర్షన్‌లో రీడ్‌ఓన్లీహింట్ (టూల్ దేన్నీ మార్చదు అని), డిస్ట్రక్టివ్‌హింట్ (ఉన్నదాన్ని చెరిపేయవచ్చు అని) సూచించే గుర్తులు వచ్చాయి. అవి సూచనలే తప్ప హామీలు కావని ఆ ప్రమాణమే చెబుతోంది. అనుమతి తనిఖీ సర్వర్‌లోనే జరగాలి.

వివరణలు మార్చాక మీ సపోర్ట్ టికెట్లలో కస్టమర్లు నిజంగా అడిగిన ప్రశ్నలను, వారి వివరాలు తొలగించి, ఏజెంట్‌కు ఇచ్చి చూడండి. ఏ ప్రశ్నకు ఏ టూల్‌ను ఏ విలువలతో పిలిచిందో లాగ్‌లో చూస్తే తరువాత ఏ వాక్యం మార్చాలో తెలుస్తుంది. ఒకసారికి ఒక్క వివరణే మార్చండి, లేకపోతే ఏ మార్పు వల్ల ఫలితం మారిందో చెప్పలేరు.