చర్చ: తెస్సలోనికీ నుంచి గెల్వెరికి: గ్రీకు స్నేహితురాలితో టర్కీ ప్రయాణం, మూడు నెలల్లో టర్కిష్

రవళి_ఉత్తరగ్రీసు
అందరికీ నమస్కారం. నాతో పనిచేసే గ్రీకు అమ్మాయి సెప్టెంబరులో టర్కీ వెళ్తోంది, నన్నూ రమ్మంటోంది. వాళ్ల ముత్తాతలది టర్కీ నడిమధ్య కప్పదోకియా ప్రాంతంలోని గెల్వెరి. గ్రీసు, టర్కీల మధ్య జనాభా మార్పిడిలో (అక్కడి క్రైస్తవులను ఇటు, ఇక్కడి ముస్లింలను అటు పంపారు) 1924లో అక్కణ్నుంచి వచ్చి ఉత్తర గ్రీసులో కవాలా పక్కన నేయా కార్వాలీలో స్థిరపడ్డారు. ఆ ఊరు చూడాలి, అక్కడివాళ్లతో వాళ్ల భాషలోనే నాలుగు మాటలు మాట్లాడాలి, అదీ తన కోరిక. తనది గ్రీకు పాస్‌పోర్టు, నాది ఇండియన్, గ్రీసు రెసిడెన్స్ పర్మిట్ ఉంది. చేతిలో మూడు నెలలున్నాయి. కాగితాలు, దారి, భాష: తెలిసినవాళ్లు చెప్పగలరు.

మెరిచ్_వంతెన
రవళి గారూ, మీ ఇద్దరి కాగితాలూ వేరు, కలిపి ఆలోచించకండి.

ఆవిడకు వీసా అక్కర్లేదు. 180 రోజుల్లో 90 రోజులుండొచ్చు. గ్రీకు ఐడీ కార్డుతోనూ రానిస్తారు, అయినా పాస్‌పోర్టే తెమ్మనండి. బస్సు టికెట్టు, హోటలు, సిమ్ అన్నిటికీ ఒకే నంబరు ఉంటే కౌంటర్లో వాదన ఉండదు.

మీకు ఈ-వీసా. ఇండియన్ పాస్‌పోర్టుకు అది దొరకాలంటే షెంగెన్, అమెరికా, బ్రిటన్, ఐర్లాండ్‌లలో ఏదో ఒకదాని వీసా గాని రెసిడెన్స్ పర్మిట్ గాని చెల్లుబాటులో ఉండాలి. 30 రోజులు, ఒక్కసారే ప్రవేశం. ఆ "ఒక్కసారే" దగ్గరే చాలామందికి తేడా వస్తుంది: మధ్యలో ఓ రోజు ఫెర్రీ ఎక్కి గ్రీకు దీవికి వెళ్లొద్దామనుకుంటే మళ్లీ ఇంకో ఈ-వీసా కావాలి. మీ పర్మిట్ రెన్యూవల్లో ఉండి చేతిలో రశీదు మాత్రమే ఉంటే దాన్ని పర్మిట్ అనుకుని దరఖాస్తు చేయకండి. తెస్సలోనికీలోనే టర్కీ కాన్సులేట్ ఉంది, ముందే అడగండి. ప్రభుత్వ సైట్లోనే కట్టండి. అదే రూపంలో కనిపించే ఏజెంటు సైట్లు అదనంగా వసూలు చేస్తాయి. ఒక ప్రింటు చేతిలో ఉంచుకోండి, సరిహద్దు దగ్గర ఫోన్ నెట్ మీద ఆధారపడొద్దు.

దారి: తెస్సలోనికీ–ఇస్తాంబుల్ రైలు కోసం వెతకొద్దు, 2011లోనే ఆగిపోయింది. పాత బ్లాగుల్లో ఇంకా కనిపిస్తుంది. రాత్రి బస్సులున్నాయి. కవాలా మీదుగా వెళ్లి కీపీ దగ్గర గ్రీసు దాటి, ఎవ్రోస్ నది వంతెన మీదుగా ఇప్సలాలో టర్కీలోకి ప్రవేశిస్తాయి. ఆ నదినే టర్కీవాళ్లు మెరిచ్ అంటారు. రెండు వైపులా దిగాలి, టర్కీ వైపు సామాను కూడా చూస్తారు. ఇప్సలా నుంచి ఇస్తాంబుల్ ఇంకో 250 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆగస్టులోనూ బైరాం (రంజాన్, బక్రీద్) సెలవుల్లోనూ వరుస గంటలు పడుతుంది. బైరాం ఏటా పదీ పదకొండు రోజులు ముందే వస్తుంది, టికెట్టు కొనేముందు చూసుకోండి.

కారులో అయితే గ్రీన్ కార్డు (విదేశాల్లో చెల్లే బండి బీమా కాగితం) మీద టర్కీ గుర్తు కొట్టేసి లేకుండా ఉండాలి. బండి ఎవరి పేరున లోపలికొచ్చిందో వాళ్లు బండి లేకుండా దేశం దాటాలంటే ముందు కస్టమ్స్‌లో అడగాలి. అద్దె కారుకు కంపెనీ రాతపూర్వక అనుమతి తప్పనిసరి. మీ పనికి బస్సే సుఖం.

సాగరతీరం
చిన్నవే, కానీ డబ్బు పోగొట్టేవి. యూరోపు రోమింగ్ టర్కీలో చెల్లదు. సరిహద్దు దాటకముందే ఫోన్లో డేటా రోమింగ్ ఆపేయండి. హియోస్, లెస్వోస్ లాంటి దీవుల ఒడ్డున కూర్చున్నా ఫోన్ టర్కీ నెట్‌వర్క్‌ను పట్టేసుకుంటుంది. కార్డు మెషీన్ "యూరోలోనా లీరాలోనా" అని అడిగితే లీరా నొక్కండి, యూరో నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం. టర్కీ 2016 నుంచి గడియారం మార్చడం లేదు. ఎండాకాలంలో గ్రీసుతో తేడా లేదు, చలికాలంలో ఒక గంట ముందుంటుంది. సెప్టెంబరు కాబట్టి మీకు ఇబ్బంది లేదు. నవంబరుకు వాయిదా వేస్తే బస్సు వేళలు ఏ దేశపు టైమో చూసుకోవాలి.

ప్రత్యయం
భాష సంగతి నేను చెప్తాను, దీని గురించి ఎంత చెప్పినా తనివి తీరదు.

మీ ఇద్దరి ఇబ్బందులూ వేరు. ఆవిడకు మాటలు సగం తెలుసు, వాక్యం కొత్త. మీకు వాక్యం తెలుసు, మాటలు కొత్త.

ముందు ఆవిడ సంగతి. గ్రీకులో అచ్చులు ఐదే, టర్కిష్‌లో ఎనిమిది. కొత్త మూడిటి మీదే మొదటి రెండు వారాలూ పెట్టాలి. నాలుకను "ఇ" దగ్గరే ఉంచి పెదవులను "ఉ"లా గుండ్రంగా చుడితే చుక్కల "ఉ" (ü). నాలుక "ఎ" దగ్గర, పెదవులు "ఒ"లా ఉంటే చుక్కల "ఒ" (ö). మూడోది చుక్క లేని "ఇ" (ı): "ఉ" అంటూ పెదవులను వెడల్పుగా లాగాలి. ఇవి రాకపోతే అర్థం మారిపోతుంది. "ఒల్దు" అంటే అయింది. అదే మాట చుక్కల అచ్చులతో పలికితే చనిపోయాడు. చుక్క లేని "ఇ"తో "సినిర్" అంటే సరిహద్దు, చుక్క ఉంటే నరం, కోపం.

గ్రీకులో "ష", "చ", "జ" లేవు. గ్రీకువాళ్ల నోట అవి "స", "త్స", "ద్జ" అవుతాయి. దీనికి మరీ కంగారు పడొద్దు. టర్కిష్ మాటల్లో "త్స", "ద్జ" దాదాపు ఉండవు కాబట్టి విన్నవాళ్లు సరిగానే సర్దుకుంటారు. "ష" ఒక్కటి "స"తో కలిసిపోతుంది, దాన్ని సాధన చేస్తే చాలు. నెత్తిన చిన్న వంపు గీత ఉన్న "గ"ను (ğ) గ్రీకు "గామా"లా గొంతులో గీరుతారు. అసలు దాన్ని పలకకూడదు, ముందున్న అచ్చును సాగదీయాలి. కొండను "దా" అంటారు.

ఒక ప్రమాదం: గ్రీకులో "నె" అంటే అవును, టర్కిష్‌లో "నె" అంటే ఏమిటి. అలవాటుగా "నె, నె" అంటుంటే ఎదుటివాళ్లు అడిగిందే మళ్లీ చెప్తుంటారు. "ఎవెత్" నోటికి రావాలి. తల పైకెత్తి కనుబొమలు ఎగరేస్తే రెండు దేశాల్లోనూ "లేదు" అనే. రవళి గారూ, ఇది మీకే ముఖ్యం. మనలా తల పక్కలకు ఊపితే వాళ్లకు అవునో కాదో తేలదు.

కలిసొచ్చేవి: సంచి, జేబు, పైకప్పు, పాలకూర, పుచ్చకాయ లాంటివి రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే. చేపల పేర్లు సరేసరి, లెవ్రెక్, చిపురా చూసి ఆవిడ మెనూ తడుముకోకుండా చదివేస్తుంది. వండినవాళ్లకు "ఎల్లెరినిజె సాలుక్" అంటారు, మీ చేతులు చల్లగుండాలని. గ్రీకులోనూ చేతులనే దీవిస్తారు, ఎప్పుడనాలో ఆవిడకు నేర్పక్కర్లేదు.

ఇక మీ సంగతి. క్రియ చివర, విభక్తి మాట వెనక, లింగభేదం లేదు. "ఎవ్" ఇల్లు, "ఎవ్‌దె" ఇంట్లో, "ఎవ్‌దెన్" ఇంటి నుంచి. "నిన్న వచ్చిన మనిషి" అని మనం ఎలా అంటామో అదే వరుసలో "ద్యున్ గెలెన్ అదమ్". గ్రీకులో మనిషి ముందు, వచ్చిన సంగతి తర్వాత. అందుకే ఆవిడ అక్కడ తడబడుతుంది, మీరు తడబడరు. "వచ్చాడట"కు "గెల్మిష్": చూడకుండా విని చెప్పేదానికి వాళ్లకూ వేరే ప్రత్యయం. మనం "అని" వాడే చాలాచోట్ల వాళ్లు "దియె" వాడతారు. టీ గీ అన్నట్టే "చాయ్ మాయ్". అచ్చుల పొంతన కూడా భయపడేది కాదు. "పులికి" అని, "చెట్టుకు" అని కి, కులు ముందున్న అచ్చును బట్టి మార్చుకునే నోరే మనది. అక్కడ బహువచనానికి "లెర్", "లర్" అలాగే మారతాయి.

అనతోలియా_బాట
ప్రత్యయం గారు చెప్పింది నిజమే, కానీ మూడు నెలల్లో ఆ అమ్మాయికి వ్యాకరణం పట్టికలు ఇవ్వొద్దని నా మనవి. రోజుకు అరగంటే ఉంటే దాంట్లో ఇరవై నిమిషాలు వినడానికే పెట్టాలి. అడగడం ఎవరైనా వారంలో నేర్చుకుంటారు, జవాబు వచ్చాకే చిక్కంతా.

మొదట అంకెలు. ధరలు వందల్లో, వేలల్లో ఉంటాయి, "యుజ్" వంద, "బిన్" వెయ్యి రాకపోతే బజారులో ఏమీ కొనలేరు. ఆరు "అల్తి", అరవై "అల్త్‌మిష్", ఏడు "యెది", డెబ్బై "యెత్‌మిష్": ఇవే కలగలిసిపోతాయి, విడిగా రాయించి చదివించండి. తర్వాత "వర్" ఉంది, "యొక్" లేదు. ఆ తర్వాత కాదు అనే భాగాన్ని చెవితో పట్టడం. అది విడిగా ఉండదు, క్రియ లోపలే దూరుతుంది. "గిదియొర్" వెళ్తోంది, "గిత్‌మియొర్" వెళ్లడం లేదు. బస్టాండులో ఆ ఒక్క "మి" వినపడకపోతే లేని బస్సు కోసం నిలబడతారు.

గ్రీసు టీవీల్లో టర్కీ సీరియళ్లు డబ్బింగ్ లేకుండా సబ్‌టైటిళ్లతోనే వస్తాయి. వింటూ ఒక్కో వాక్యం ఆపి, తిరిగి పలకమనండి.

రవళి_ఉత్తరగ్రీసు
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. మ్యాపులో గెల్వెరి కనపడటం లేదు. ఊళ్లో ఎలా పరిచయం చేసుకోవాలి, ఎవరైనా నొచ్చుకుంటారేమోనని తన భయం.

అనతోలియా_బాట
ఇప్పుడు ఆ ఊరి పేరు గ్యుజెల్‌యుర్త్, అక్సరాయ్ జిల్లా. నేయా కార్వాలీకి వెళ్లినవాళ్లు సెయింట్ గ్రెగరీ అవశేషాలను వెంట తీసుకెళ్లారు. ఆయన పేరున్న చర్చి ఇప్పుడు మసీదు, లోపలికెళ్లి చూడొచ్చు. నమాజు వేళ వదిలి వెళ్లండి, తలమీద గుడ్డ వేసుకోండి.

వెళ్లేముందు చేయాల్సిన పని ఏథెన్స్‌లో ఉంది. ఆసియా మైనర్ అధ్యయన కేంద్రం 1930 నుంచి ఊరూరి శరణార్థుల మాటలను రాసి భద్రపరిచింది. గెల్వెరి పేరు చెప్పి అడిగితే పేటలు, ఊటలు, చర్చిల పాత పేర్లు దొరికే అవకాశం ఉంది. అవి పట్టుకెళ్తేనే ఊళ్లో పెద్దలు చోటు చూపించగలరు. ఇంకో సంగతి: గెల్వెరివాళ్లు ఇంట్లో మాట్లాడింది టర్కిషే. గ్రీకు అక్షరాలతో టర్కిష్ రాసుకున్నారు. కాబట్టి ఇంట్లో పాత ఉత్తరాలుంటే ఆ అమ్మాయి వాటిని ఇప్పుడే పైకి చదవగలదు. ఈ మూడు నెలల చదువుతో అర్థం కూడా తెలియడం మొదలవుతుంది. నా మటుకు ఏ పాఠ్యపుస్తకం కన్నా అవే మంచి పాఠాలు.

పరిచయానికి: "యునానిస్తాన్‌దన్ గెలియొరుమ్" గ్రీసు నుంచి వస్తున్నాను. తర్వాత మా ముత్తాత ఇక్కడివాడని, "ముబాదెలె"లో, అంటే ఆ జనాభా మార్పిడిలో, వెళ్లాడని చెప్పాలి. ఆ మాట అక్కడ అందరికీ తెలుసు. వాళ్లలోనూ చాలామంది ముత్తాతలు గ్రీసు నుంచి అలాగే వచ్చినవాళ్లు. ఇంకో తేడా గుర్తుంచుకోండి: గ్రీసు దేశస్థులు "యునాన్", టర్కీలోనే పుట్టిపెరిగిన గ్రీకు క్రైస్తవులు "రుమ్". పాత ఇంటిని గురించి అడిగేటప్పుడు "రుమ్" అనాలి. ఆడవాళ్ల పేరు చివర "హనుమ్", మగవాళ్లకు "బెయ్": మన "గారు"లాగే. కాస్త పెద్దవాళ్లను "అబ్లా", "అబి" అనొచ్చు, మనం అక్కా, అన్నా అన్నట్టు.

ఇల్లు ఎవరిది, కాగితాలున్నాయా అని మాత్రం అడగొద్దు. ఆస్తి కోసం వచ్చారనో, పాతిపెట్టిన బంగారం కోసం వచ్చారనో అనుమానం పుడుతుంది. గోడ కొలవడం, నేల తవ్వి చూడటం అసలు వద్దు. గుర్తుగా చెక్కిన రాయి ముక్కో పాత పెంకో సంచిలో వేసుకుంటే అది పురావస్తు చట్టం కింద నేరం, సరిహద్దు దగ్గర పట్టుకుంటారు. ఫోటోలు తీసుకోండి, ముందు అడిగి.

రవళి_ఉత్తరగ్రీసు
ఇస్తాంబుల్ నుంచి అక్సరాయ్‌కి? మాతో వాళ్ల తమ్ముడు కూడా రావచ్చు.

మెరిచ్_వంతెన
హైస్పీడ్ రైల్లో కొన్యా దాకా వెళ్లి, అక్కణ్నుంచి అక్సరాయ్‌కి బస్సు. సెలవు రోజుల్లో రైలు సీట్లు త్వరగా నిండుతాయి, అమ్మకం మొదలవగానే తీసుకోండి. మీ బస్సు ఎసెన్లెర్ బస్టాండుకు చేరితే మెట్రోలో యెనికపి, అక్కణ్నుంచి మర్మరాయ్ అనే లోకల్ రైలు ఎక్కి సొయుత్‌లుచెష్మె స్టేషన్‌లో దిగితే హైస్పీడ్ రైలు. మర్మరాయ్‌లో ఎక్కేటప్పుడు దూరం మొత్తానికీ చార్జీ పడుతుంది, దిగాక రీఫండ్ మెషీన్ దగ్గర ప్రయాణ కార్డు పెడితే మిగతాది తిరిగొస్తుంది. అక్సరాయ్ నుంచి ఊరికి మినీబస్సులే, సాయంత్రానికి ఆగిపోతాయి. పొద్దున్నే చేరేలా చూసుకోండి.

దూరపు బస్సుల్లో ఒక నియమం: విడిగా కొన్న టికెట్లయితే ఆడ, మగ పక్కపక్క సీట్లు ఇవ్వరు, బుకింగ్‌లోనే అడుగుతుంది. తమ్ముడు వస్తే మూడు టికెట్లూ ఒకేసారి, ఒకే లావాదేవీలో కొనండి. పేర్లు పాస్‌పోర్టులో ఉన్న ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టండి. ఫోన్లో టర్కిష్ కీబోర్డు ఉంటే పెద్ద "ఐ" మీద చుక్క పడుతుంది, పేరు సరిపోలడం లేదని కౌంటర్లో ఆపుతారు.