ఐడ్లింగ్ దిగదు, టెంపరేచర్ ముల్లు లేవదు – ఏం చెయ్యాలి?

రాజాం_పెట్రోల్: 2013 పెట్రోల్ బండి. పొద్దున్న స్టార్ట్ చేస్తే ఐడ్లింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే స్పీడు) 1500 ఆర్‌పీఎం. శ్రీకాకుళం చేరినా 1200 కంటే దిగదు. ముల్లు సగానికి రాదు. మైలేజీ బాగా పడిపోయింది. మెకానిక్ టెంపరేచర్ సెన్సర్ మార్చేశాడు, తేడా లేదు. కొత్త సెన్సర్ డూప్లికేటా? వచ్చేవారం సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్ వెళ్లాలి, పర్లేదా?

గజపతినగరం_వైట్‌బోర్డ్: ఎవరు చెప్పినా ఇంజిన్‌లోకి గాలి వదిలే త్రాటిల్ బాడీ మాత్రం ఊరికే క్లీన్ చేయించకు. నా బండికి కార్బన్ అంతా గీకేసి, ఐడిల్ రీలెర్న్ (ఐడ్లింగ్ లెక్క బండికి మళ్లీ నేర్పించడం) చెయ్యకుండా తాళం చేతిలో పెట్టీసారు. మురికి పోయాక గాలి ఎక్కువ దూరుతుంది, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇంకా పాత లెక్కలోనే ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితే బండి దానంతటదే రేస్ అయ్యేది. బిల్లు మాత్రం నిమిషంలో చేతికిచ్చారు.

సాలూరు_షెడ్డు: లారీల మధ్య పుట్టి పెరిగినోడిని, నా మాట విను బాబూ. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఆపే ఆ థర్మోస్టాట్ వాల్వు పీకి అవతల పారెయ్. మన ఎండలకి దాంతో పనేటి? అది చలి దేశాలోళ్లకి.

ఎచ్చెర్ల_ఎలక్ట్రికల్: అన్నా, ఆ సలహా వల్లే సగం బండ్లు పాడవుతున్నాయి. ఇతని బండిలో కూడా ఎవరో ఆ వాల్వు తీసేసినట్టే ఉంది. వాల్వు లేకపోతే కూలెంట్ ఎప్పుడూ రేడియేటర్‌లోనే తిరుగుతుంది, ఇంజిన్ వేడెక్కదు. ఇంకా చల్లగా ఉంది అనుకుని ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, ఐడ్లింగ్ పైనే పెడుతుంది. సెన్సర్ నిజమే చెప్తోంది, దాన్నే మార్చేశారు.

సాలూరు_షెడ్డు: నువ్వు పుస్తకం చదివి చెప్తున్నావు. నేను ఘాట్‌లో లోడు బళ్లు దించినోడిని. వాల్వు మూసుకుపోయి హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) కాలిపోతే నువ్వు డబ్బులిస్తావా?

ఎచ్చెర్ల_ఎలక్ట్రికల్: మూసుకుపోతే కొత్తది వెయ్యాలి, తీసెయ్యకూడదు. కొన్ని ఇంజిన్లలో బైపాస్ దారిని మూసేది కూడా ఆ వాల్వే. అది లేకపోతే వేడి నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఇంజిన్‌లోనే తిరుగుతాయి. ఘాట్‌లో అప్పుడు చూడండి ముల్లు ఎటు పోతుందో.

చీపురుపల్లి_మాస్టారు: గొడవ ఎందుకు గాని, లోపల పోసింది కూలెంటా, బోరు నీళ్లా? మా వీధిలో అందరూ బోరు నీళ్లే పోస్తారు. మొన్న ఒక రేడియేటర్ విప్పితే గొట్టాల్లో సున్నం పొర, గోరుతో గీకితే తెల్లగా రాలింది. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపిన కూలెంట్ తప్ప ఇంకేం పొయ్యొద్దు.

సాలూరు_షెడ్డు: మంచి నీళ్లు పోస్తే సరిపోతాది మాస్టారూ.

చీపురుపల్లి_మాస్టారు: సరిపోదండీ. తుప్పు పడుతుంది.

ఎచ్చెర్ల_ఎలక్ట్రికల్: సెన్సర్ మీద అనుమానముంటే పాతదాన్ని టీ గ్లాసులో వేడి నీళ్లు పోసి ముంచు, మల్టీమీటర్ పెట్టు. చాలా సెన్సర్లకి 20 డిగ్రీల దగ్గర రెసిస్టెన్స్ సుమారు 2,500 ఓమ్స్, 80 దగ్గర 300 చిల్లర ఉంటుంది. నీళ్లు చల్లారుతుంటే ఓమ్స్ మెల్లగా పెరగాలి, గెంతకూడదు. తర్వాత ఈసీయూ లెక్కలు ఫోన్‌లో చూపించే బ్లూటూత్ స్కానర్ పెట్టి, హైవే మీద కూలెంట్ టెంపరేచర్ చూడు.

రాజాం_పెట్రోల్: చూశాను. రణస్థలం దగ్గర 80 స్పీడులో 58 డిగ్రీలు. శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లో ట్రాఫిక్‌లో ఆగితే 81. పాత సెన్సర్ గ్లాసులో బాగానే చూపించింది.

ఎచ్చెర్ల_ఎలక్ట్రికల్: స్పీడులో పడిపోయి, ఆగితే లేస్తోందంటే వాల్వు లేదు, లేదా తెరుచుకునే ఉండిపోయింది. వాల్వు కూర్చునే హౌసింగ్ విప్పించు. రబ్బరు రింగు కూడా కొత్తది వెయ్యమను. ఘాట్ సంగతి ఆ తర్వాత.

గజపతినగరం_వైట్‌బోర్డ్: అయ్యాక రీలెర్న్ చేయించు, మీ ముందే చెయ్యమను.

రాజాం_పెట్రోల్: విప్పించాను. హౌసింగ్ ఖాళీ. కొత్త వాల్వుకి ఆర్డర్ పెట్టాను.

సాలూరు_షెడ్డు: ఘాట్‌లో ముల్లు ఎర్ర గీత ఎక్కితే ఇక్కడే రాయి, నేను చూస్తాను.