జీపీఎఫ్ఎస్‌లో సర్వర్ లేచినా డిస్కులు డౌన్‌లోనే ఎందుకు ఉండిపోతున్నాయి?

ప్రశ్న (వైట్‌ఫీల్డ్, బెంగళూరు):
అన్నా, మా ల్యాబ్‌లో ఆరు సర్వర్ల జీపీఎఫ్ఎస్ (చాలా సర్వర్ల డిస్కుల్ని కలిపి ఒకే ఫైల్ సిస్టమ్‌లా వాడుకునే ఐబీఎం సాఫ్ట్‌వేర్) క్లస్టర్ ఉంది, డిస్కులన్నీ సర్వర్ల లోపలివే, డేటా, మెటాడేటా (ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే సమాచారం) రెండేసి కాపీలు. శనివారం వానకి కరెంట్ పోయి ఒక సర్వర్ ఆగి పావుగంటలో మళ్ళీ లేచింది, ఫైళ్ళు తెరుచుకుంటున్నాయి కదా అని నేను నెల్లూరు బస్సెక్కేశా. సోమవారం వచ్చి డిస్కుల స్థితి చూపించే ఎంఎంఎల్ఎస్‌డిస్క్ కమాండ్ కొడితే దాని నాలుగు డిస్కులూ ఇంకా డౌన్! చేత్తో స్టార్ట్ చేశా గానీ, రెండు రోజులు చాలా డేటా ఒక్క కాపీ మీదే నడిచిందని తలుచుకుంటే భయమేస్తోంది. దానంతట అదే లేచేలా పెట్టలేమా?

జవాబు 1:
పెట్టొచ్చు తమ్ముడూ. రీస్ట్రైప్‌ఆన్‌డిస్క్‌ఫెయిల్యూర్ అనే సెట్టింగ్ ఉంది, డిఫాల్ట్‌గా 'నో', సెట్టింగ్‌లు మార్చే ఎంఎంసీహెచ్‌కాన్ఫిగ్ కమాండ్‌తో 'యెస్' చెయ్యి. అప్పుడు డిస్క్ పడగానే కాపీలు మొదలెట్టదు, కాసేపు ఆగుతుంది, డేటా డిస్క్‌కి 3600 సెకన్లు, మెటాడేటా డిస్క్‌కి 2400. ఈలోగా సర్వర్ వస్తే డిస్క్‌ని తనే స్టార్ట్ చేసి, అది లేనప్పుడు మారిన బ్లాకులు మాత్రం సరిచేస్తుంది. రాకపోతేనే డిస్క్‌ని సస్పెండ్ చేసి, మిగతా డిస్కుల్లో రెండో కాపీ తయారుచేస్తుంది. నీ పావుగంట కేసులో స్టార్ట్‌తోనే అయిపోయేది.

జవాబు 2 (చెన్నై నుంచి):
పై అన్న చెప్పింది కరెక్ట్. కానీ తొందరగా అయిపోవాలని ఆ టైమ్ మరీ తగ్గించొద్దు, మామూలు రీబూట్‌కి కూడా టెరాబైట్లు కాపీ అవడం మొదలైతే జాబ్‌లన్నీ నత్తనడక నడుస్తాయి. ఇంకోటి, 3 సర్వర్లకి మించి గానీ 16 డిస్కులకి మించి గానీ ఒకేసారి పడితే అది ఏమీ చెయ్యదు, అవి డిఫాల్ట్ లిమిట్లు, అలా ఉండటమే మంచిది, నెట్‌వర్క్ స్విచ్ పోయినప్పుడు క్లస్టరంతా కాపీ చేసుకుంటూ కూర్చోకూడదు కదా. మిగతా సర్వర్లలో ఖాళీ ఉందో లేదో కూడా చూసుకో, చోటు లేకపోతే రెండో కాపీ ఎక్కడ పెడుతుంది పాపం. అన్నిటికన్నా ముందు ఫెయిల్యూర్ గ్రూపులు (ఒకేసారి పోయే అవకాశమున్న డిస్కులకి ఒకే నంబర్ ఇచ్చే గుంపులు, రెండు కాపీలూ వేరే వేరే గుంపుల్లో పడతాయి) చూడు, ఒకే యూపీఎస్ మీదున్న సర్వర్లకి వేరే వేరే నంబర్లు ఇచ్చి ఉంటే రెండు కాపీలూ ఒకేసారి పోవచ్చు, అప్పుడు ఏ ఆటోమేటిక్ రికవరీ కాపాడలేదు.

అడిగినవారు:
ఇప్పుడే చూశా, సెట్టింగ్ నిజంగానే 'నో'లో ఉంది, మార్చేశా. కానీ మూడో సర్వర్, నాలుగో సర్వర్ ఒకే యూపీఎస్ మీద ఉన్నాయన్నా, గ్రూప్ నంబర్లేమో వేరు. ఈ రాత్రి జాబ్‌లు ఆపి, రెండిటినీ ఒకే గ్రూప్‌లోకి మార్చి రీస్ట్రైప్ (కాపీల్ని కొత్త గ్రూపుల ప్రకారం మళ్ళీ సర్దడం) చేస్తా.

జవాబు 2:
ముందు బ్యాకప్ ఉందో లేదో చూసుకుని మొదలెట్టు.