బాపు గారి బొమ్మలు చూసి వేస్తున్నాను, నా గీత మాత్రం బిగుసుకుపోతోంది

తణుకు కోడలు:
అందరికీ నమస్కారం. ఏడాదిన్నరగా బాపు గారి బొమ్మలు చూసి వేస్తున్నాను. మా తాతయ్య దాచిన పాత వారపత్రికల్లోంచి కథల బొమ్మలు కత్తిరించి ఫైల్లో పెట్టుకున్నాను. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక రోజుకొకటి వేస్తాను. ముందు పెన్సిల్‌తో కొలతలు, దాని మీద 0.5 జెల్ పెన్.

పక్కపక్కన పెడితే కన్ను, ముక్కు, జడ అన్నీ ఉండాల్సిన చోటే ఉంటాయి. కానీ ఆయన అమ్మాయి ఎవరో పిలిస్తే ఇప్పుడే తల తిప్పినట్టుంటుంది. నా అమ్మాయి ఫొటోకి నిలబడినట్టుంటుంది. నిన్న భుజం మీంచి ముందుకు పడిన జడ ఒక్కటే పదకొండు సార్లు వేశాను. ప్రతిసారీ తాడులాగే వచ్చింది. పైగా బొమ్మ ఎదురుగా లేకపోతే చెయ్యి కదలడం లేదు. ఇలా చూసి వేయడమే తప్పా? చాలా టెన్షన్‌గా ఉంది.

పాలకొల్లు పెయింటర్:
అమ్మా, మాది పాలకొల్లు. బాపు గారు పుట్టిన నరసాపురం మాకు పక్కనే. ఫ్లెక్సీలు వచ్చేదాకా ముప్పై ఏళ్లు సైన్‌బోర్డులు రాశాను.

ముందు ఆ జెల్ పెన్ పక్కన పెట్టండి. దాన్ని ఎంత నొక్కినా గీత మందం మారదు. పాళీ అయితే నొక్కినప్పుడు చీలిక విచ్చుకుని ఇంకు ఎక్కువ దిగుతుంది, చెయ్యి తేలిక చేస్తే వెంట్రుకంత సన్నబడుతుంది. ఆయన జడని భూతద్దం పెట్టి చూడండి. మెడ దగ్గర సన్నగా మొదలై, భుజం దిగాక బరువెక్కి, కొస దగ్గర మాయమవుతుంది. అంతా ఒకే మందంలో వేస్తే తాడు కాక ఏమవుతుంది?

ఇంకోటి. మీరు పెన్సిల్ గీత తప్పిపోకూడదని ఇంకుని నెమ్మదిగా నడిపిస్తున్నారు. మేం అక్షరం రాసేటప్పుడు కుంచె ఎక్కడ ఆగాలో చూస్తాం, కుంచె మొనని చూడం. వేళ్లతో కాదు, మోచేతి నుంచి లాగండి. అచ్చులో ఉన్న సైజులోనే వేయకండి, రెట్టింపు చేయండి. అచ్చుకిచ్చే బొమ్మలు పెద్దగా వేసి తగ్గించడం మామూలే.

బొమ్మల కంటే ముందు పదిహేను రోజులు ఆయన అక్షరాలు రాయండి. ఆయన చేతిరాతే ఫాంటయింది, శుభలేఖల మీద చూస్తూనే ఉంటాం. ఇండియన్ ఇంకు, రెండో నంబరు గుండ్రటి కుంచె చాలు. ‘త’ మీద తలకట్టు, అమ్మాయి కనుబొమ్మ పక్కపక్కన పెట్టి చూడండి. నాకు రెండూ ఒకే విదిలింపులా కనిపిస్తాయి.

డ్రాయింగ్ మాస్టారు:
పెన్ను మార్చమన్నది సరైన మాటే, కానీ సగమే. బొమ్మని ఐదు నిమిషాలు చూసి, ఫైలు మూసేసి వేయండి. తర్వాత తెరిచి, తప్పిన చోట్ల ఎర్ర పెన్సిల్ పెట్టండి. అవన్నీ మీరు కొలిచారే గానీ చూడనివి. ఆయన వేయకుండా వదిలేసినవీ రాసుకోండి: వెనక గోడ లేదు, నీడలు లేవు, ఒక్కోసారి చెంప గీత కూడా మధ్యలో ఆగిపోతుంది.

చూసి వేయడం తప్పేం కాదమ్మా. తమిళ వారపత్రిక ఆనంద వికటన్‌లో బొమ్మలు వేసిన గోపులు గారిని బాపు గారు గురువుగా భావించేవారు. అయినా ఇద్దరి బొమ్మలూ పక్కన పెడితే ఎవరిది ఏదో ఇట్టే తెలిసిపోతుంది. వారానికి ఒక్కరోజు ఫైలు తెరవకుండా మీ ఇంట్లో వాళ్లని వేయండి.

తణుకు కోడలు:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. మూడు వారాలు అక్షరాలే రాశాను. ‘త’ కొంచెం లొంగింది. నిన్న మా అత్తగారు కత్తిపీట ముందు కూర్చుని గోరుచిక్కుళ్లు తరుగుతుంటే పెన్సిల్ లేకుండా పాళీతోనే వేశాను. మొహం అస్సలు కుదరలేదు. కానీ ఎత్తి పెట్టిన మోకాలి మీంచి కిందికి జారిన చీర ఒక్క గీతలో వచ్చింది, పైన సన్నగా, నేల తాకే చోట లావుగా. అత్తయ్య చూసి "నా చీరే!" అన్నారు.

ఒక్కటే ఇబ్బంది. గీత కింది నుంచి పైకి వెళ్లేటప్పుడు పాళీ కాగితంలో దిగబడి ఇంకు చిమ్ముతోంది. ఏం చేయాలి?

పాలకొల్లు పెయింటర్:
పాళీని లాగాలమ్మా, తోయకూడదు. గీత పైకి వెళ్లాల్సి వస్తే కాగితాన్నే తిప్పుకోండి. ప్రింటింగ్ ప్రెస్సులో ఐవరీ కార్డు కత్తిరించగా మిగిలిన ముక్కలు అడిగి తెచ్చుకోండి, నున్నగా ఉంటుంది, పాళీ పట్టదు. ఈసారి మొహంతో పాటు కత్తిపీట కూడా వేసి పెట్టండి, చూస్తాను.