‘నిర్మాణాంతర’మా, ‘నిర్మాణానంతర’మా?

ప్రశ్న: మీడియా విశ్లేషణ వ్యాసాల్లో ‘పోస్ట్‌స్ట్రక్చరలిజం’ అన్నదానికి ఒకచోట ‘నిర్మాణాంతరవాదం’ అనీ ఇంకోచోట ‘నిర్మాణానంతరవాదం’ అనీ కనిపిస్తోంది. ఏది సరి? పేరులో తేడాయేనా, వార్తనో ప్రకటననో చదివే తీరులో కూడా తేడా వస్తుందా?

జవాబు 1: రెండోదే సరి. నిర్మాణ + అనంతర, సవర్ణదీర్ఘం. మరణానంతరం, యుద్ధానంతరం లాగే. ‘అంతర’ చేరిస్తే ‘తరవాత’ అన్న అర్థం రాదు. రూపాంతరం అంటే మరో రూపం, జన్మాంతరం అంటే మరో జన్మ. కులాంతర వివాహంలోనేమో ‘మధ్య’. ఆ లెక్కన నిర్మాణాంతరవాదం ‘ఇంకో నిర్మాణపు వాదం’ అయి కూర్చుంటుంది. తదనంతరం కాస్తా ‘తదంతరం’ అయినట్టే ఇక్కడా ఒక ‘న’ జారిపోయింది.

జవాబు 2: ఆ ‘న’తో పాటు పద్ధతీ జారిపోతోంది. అనంతరం అన్నామంటే ముందు జరగాల్సింది ఒకటుందని అర్థం. నిర్మాణమేదో, అంటే మాటలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి అర్థమిస్తున్నాయో, పట్టుకోకుండా దాన్ని కదిలించలేం. ఒక శీర్షిక అనుకుందాం:

‘ఆక్రమణల తొలగింపు ప్రశాంతం’

మూడు మాటలు, మూడు గళ్లు. ఒకసారికి ఒక్క గడిలోనే మాట మార్చి, మిగతా రెండూ అలాగే ఉంచండి. ‘ఇళ్ల తొలగింపు ప్రశాంతం’ అనగానే ‘ప్రశాంతం’ ఎబ్బెట్టుగా వినిపిస్తుంది. ‘ఆక్రమణల కూల్చివేత ప్రశాంతం’ అంటే చప్పుడూ దుమ్మూ వచ్చి చేరతాయి. రెండూ ఒకేసారి మారిస్తే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో తేలదు. చాలా వ్యాసాలు బెడిసికొట్టేది ఇక్కడే. ఏ మాట పెట్టినా అర్థం మారని గడిని మాత్రం వదిలేయొచ్చు.

వ్యాకరణం కూడా చూడాలి. ‘తొలగించు’ అనే క్రియకు కర్త కావాలి, ‘తొలగింపు’ అనే నామవాచకానికి అక్కర్లేదు. కూలు–కూల్చు జంటా అంతే: ‘కూలిన గుడిసెలు’ అన్నప్పుడు అవే కూలినట్టుంటుంది. తెలుగు శీర్షికల్లో కర్త మాయమయ్యేది ఎక్కువగా ఈ రెండు దారుల్లోనే. ‘చేయబడెను’ కోసం వెతుకుతూ కూర్చుంటే దొరకదు.

ఆ తరవాతే ద్వంద్వాలు, అంటే ఎదురెదురు మాటల జంటలు: చట్టం/ఆక్రమణ, ప్రశాంతత/ఉద్రిక్తత. ప్రతి జంటకూ శీర్షికలోంచే సాక్ష్యం చూపాలి. ‘ప్రకృతి/సంస్కృతి’ అని అలవాటుగా రాసేయడం విశ్లేషణ కాదు, ఫారం నింపడం.

జవాబు 3: మాటకు అర్థం తోటి మాటలతో ఉన్న తేడా వల్లే వస్తుందన్న స్విస్ భాషాశాస్త్రవేత్త సొస్యూర్ పాఠాలు 1916లో, ఆయన పోయాక అచ్చయ్యాయి. ‘ఆవు’ అంటే ‘ఆవు కానివి కానిది’ అని బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు అంతకు ఎంతో ముందే వాదించాడు. దాని పేరు అపోహ. ఇప్పుడు ఆ మాటకు ‘పొరపాటు అభిప్రాయం’ అని అర్థం స్థిరపడటం తమాషా. అయితే ఇద్దరి సమస్యా ఒకటి కాదు, కలిపేయొద్దు.

ప్రశ్న అడిగినవారు: సరేనండి, మరి ‘అనంతరం’ జరిగేదేమిటి? ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకోవడమేనా?

జవాబు 2: కాదండీ, అదే పెద్ద అపోహ (కొత్త అర్థంలోనే!). జంటలో రెండు మాటలూ సమానం కావు, ఒకటి పైన కూర్చుంటుందంటాడు ఫ్రెంచి తత్వవేత్త డెరిడా. ఆ పైమాట కిందిమాట లేకుండా నిలబడగలదా అని శీర్షికనే అడగాలి. తొలగింపు ప్రశాంతంగా జరగడం వార్త ఎందుకైంది? గొడవ జరుగుతుందని అనుకున్నారు కాబట్టి. అంటే రాయని ‘ఉద్రిక్తత’ రాసిన ‘ప్రశాంతం’ లోపలే ఉంది. ‘ఆక్రమణ’ కూడా అంతే. ఖాళీ చేయించి ఆ స్థలాన్ని స్వాధీనం చేసుకోవడాన్ని కూడా ఆ మాటతోనే చెప్పొచ్చు కదా! వాళ్లను ‘ఆక్రమణదారులు’, వీళ్లను ‘అధికారులు’ అని విడదీసిన గీత అక్కడ చెదురుతుంది. జంటను తలకిందులు చేసి, ‘అసలు ఆక్రమణదారులు అధికారులే’ అని ఆగిపోతే మాత్రం పాత నిచ్చెననే తిరగేసి నిలబెట్టినట్టు.

జవాబు 1: అందుకే డెరిడా చెప్పిన ‘డీకన్‌స్ట్రక్షన్’కు నేను ‘విధ్వంసం’, ‘విచ్ఛిన్నం’ వాడను, ‘వినిర్మాణం’ అంటాను. బయటినుంచి సుత్తి తెచ్చి కొట్టడం కాదు, అతుకు ఎక్కడుందో చూపడం.

జవాబు 3: ఫొటో ఉంటే దాని కింది వ్యాఖ్యను మూసి ఒకసారి, తెరిచి ఒకసారి చూడండి. సామాన్ల మధ్య కూర్చున్న మనిషి బొమ్మ కింద ‘ఖాళీ చేస్తున్న దృశ్యం’ అని ఉంటే ఒక అర్థం, ‘దిక్కుతోచక’ అని ఉంటే ఇంకో అర్థం. బొమ్మలోని పలు అర్థాల్లో ఒకదానికి చూపును కట్టేసే ఈ పనిని ఫ్రెంచి విమర్శకుడు బార్త్ 1964లో లంగరు వేయడంతో పోల్చాడు. ‘లంగరు’ మనకున్న మాటే, కొత్త సంస్కృత సమాసం అక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు: నా వ్యాసంలో ‘న’ చేరుస్తున్నాను. ద్వంద్వాల పట్టిక మళ్లీ మొదటినుంచి రాయాలి.